రెండో చీటీ

మొన్న డిసెంబరు చివరి వారంలో మా చర్చి కార్యదర్శి ఇంటికొచ్చి, తెల్లటి అట్ట కార్డుల కట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు.

"టీచరమ్మా, ఈసారి వాగ్దాన కార్డులు అచ్చేయించలే. మీ చేతిరాత బాగుంటది. జర మీరే రాసియ్యుండ్రి. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం, అంతే" అన్నాడు.

కొత్త సంవత్సరం రోజు పొద్దున ఆరాధనలో ఆ కార్డులను పళ్ళెంలో బోర్లించి పెడతారు. ఎవరికి వాళ్ళు కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఏ వాక్యం వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళతో అన్న మాట. కష్టాలూ సహనమూ అంటూ ఏదైనా వస్తే గుట్టుగా మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి ఇంకోటి తీసుకునేవాళ్ళనూ ఇక్కడ సూర్యాపేటలో నేను చూశాను. వాళ్ళను చూసి నవ్వే హక్కు నాకు లేదు.

"చెయ్యి నొప్పిగా ఉంది నాయనా, ఇంకెవరినైనా అడుగు" అన్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బోర్డు మీద రాసిన చెయ్యి ఇది. అతను నా వంక అనుమానంగా చూసి కట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం అలాగే కూర్చుండిపోయాను. దేవుని పని కోసం ఈ చేత్తో చీటీలు రాయడం ఇది మొదటిసారి అయ్యేది కాదు. పదేళ్ళ వయసులో ఒకసారి రాశాను. రెండే రెండు చీటీలు.

మాది పెన్‌పహాడ్ దగ్గర ఒక చిన్న ఊరు. మా వాడ చివర పెంకుటిల్లులాంటి చర్చి ఉండేది. దాన్ని మా పెద్దవాళ్ళు గుడి అనే అనేవాళ్ళు. లోపల బెంచీలు లేవు. ఈత చాపలు పరుచుకుని ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చునేవాళ్ళు. శనివారం సాయంత్రం పిల్లలమంతా కలిసి పేడతో అలికేవాళ్ళం. ఆదివారం పొద్దున ఆ అలుకు వాసన, ఆడవాళ్ళ తలల్లోని కొబ్బరినూనె వాసన, వెనక పొయ్యి మీద అమ్మగారు కాచే టీ వాసన కలిసి వచ్చేవి. అమ్మగారంటే మా పాస్టరు అయ్యగారి భార్య. ఈనాటికీ దేవుడు అనగానే నా ముక్కుకు తగిలేది ఆ మూడు వాసనలే.

ఇంట్లో మా నాయనమ్మదే రాజ్యం. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఏం జరిగినా ఒకటే మాట. మేక చచ్చిపోయినా దేవుని చిత్తమే, సాగర్ కాలువలో నీళ్ళు ఆలస్యంగా వచ్చినా దేవుని చిత్తమే, కోడలు రొట్టె మాడబెట్టినా దేవుని చిత్తమే. ఒక ఎండాకాలం కొత్త మామిడికాయ తొక్కు జాడీలో చెయ్యి పెట్టి దొరికిపోయాను. మోచేతి దాకా ఎర్రటి నూనె. "ఏందే ఇది?" అంది. "దేవుని చిత్తం నాయనమ్మా" అన్నాను. వీపు మీద ఒకటి పడింది.

"నీ చేతివాటం తీస్కపోయి ఆయన మీద పెడ్తవా? ఆయన చేసింది ఆయనది, నువ్వు చేసింది నీది. కలుపకు!"

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అక్క.

అక్క అంటే పెదనాన్న కూతురు. నాకంటే ఏడాది పెద్ద. ఒకే వాకిలి, ఒకే కంచం అన్నట్టు పెరిగాం. ఆమె అంటే నాకు కడుపు మంట. ఇప్పుడు ఇంత వయసు వచ్చాక దాచుకునేదేముంది? ఆమె జడ మోకాళ్ళను తాకేది, నాది భుజం దాటేది కాదు. చేపల పులుసు చేస్తే తలకాయ ముక్క నాయనమ్మ ఆమె కంచంలోనే వేసేది. పట్నం నుంచి చర్చికి గౌన్ల మూట వస్తే, నీలం రంగు మీద తెల్ల పువ్వులున్న గౌను ఆమెకిచ్చారు. ఏడాది తర్వాత అది పొట్టిదై నా దగ్గరికి వచ్చింది. అప్పటికి పువ్వులు పోయి నీలం ఒక్కటే మిగిలింది. అది వేసుకుని చర్చికి వెళ్ళినప్పుడల్లా నా ఒంటి మీద అక్క ఉన్నట్టే ఉండేది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె పాట ఒక ఎత్తు. కంజర వాయిస్తూ ఆమె గొంతెత్తితే పొలం నుంచి వచ్చి కునికే ముసలివాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. ఇక ప్రార్థన అంటే, మొదలైనప్పుడు మూసిన కళ్ళు ఆమెన్ అనేదాకా తెరిచేది కాదు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, ప్రార్థన ఉన్నంతసేపూ నేను కళ్ళు తెరుచుకుని ఆమెనే చూసేదాన్ని కాబట్టి. "గా పిల్లను సూడు, దేవునితోని మాట్లాడుతుంటే లోకమే ఎరుకుండదు" అనేది అమ్మగారు. నాకు ఒళ్ళు మండిపోయేది. దేవుడు కూడా ఆమెకే పెద్ద ముక్క వేస్తున్నాడని అనిపించేది.

నాకు ఉన్నదల్లా చేతిరాత. అయ్యగారి రాత అయ్యగారికే అర్థమయ్యేది కాదు. అందుకని ప్రతి ఆదివారం పలక మీద ఆ రోజు పాడాల్సిన పాటల నంబర్లు నాచేత రాయించేవారు. గుడి గోడకు ఆ పలక తగిలిస్తుంటే నేను గర్వంగా వెనక్కి తిరిగి చూసేదాన్ని. పలక వంక ఎవరూ చూసేవాళ్ళు కాదు. చదువొచ్చిన వాళ్ళే నలుగురైదుగురు. మిగతావాళ్ళు అక్క ఎప్పుడు మొదలుపెడితే అప్పుడు అందుకునేవాళ్ళు.

నాకు పదేళ్ళు వచ్చిన ఎండాకాలం మా ఊళ్ళో ముంజలు తెగ కాశాయి. అక్కా నేనూ ముంజలు తిని, ఆ బుర్రలతో బండి చేసి తోలుకునేవాళ్ళం. అప్పుడే మిర్యాలగూడ నుంచి అయ్యగారికి ఉత్తరం వచ్చింది. అక్కడ మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో మా ఊరికి ఒక్క సీటు ఇస్తామన్నారు. తిండీ బట్టా వాళ్ళవే, పది దాకా చదివిస్తారు. మా ఊళ్ళో బడి ఐదో తరగతితో ఆఖరు. మా వాడలో ఐదు పాసైన ఆడపిల్లలం ఇద్దరమే. అక్కా, నేనూ. ఆమె ఒక ఏడు ఆలస్యంగా బళ్ళో చేరడంతో ఇద్దరం ఒకే తరగతి చదివాం.

ఇంట్లో వారం రోజులు గొడవ. పెద్దది ముందు పోవాలని పెదనాన్న. చిన్నదానికి చదువు మీద ధ్యాస ఎక్కువని మా నాన్న. తోడికోడళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని మాటలు మానేశారు. అక్క మాత్రం నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. "నీకు పోవాలని లేదా?" అని నేనే అడిగాను. "దేవుడు ఎవర్ని పొమ్మంటే వాళ్ళు పోతరు" అంది ముంజ చప్పరిస్తూ. ఆ నిబ్బరం చూసి నాకు కళ్ళు కుట్టాయి. దేవుడు ఎవరిని పొమ్మంటాడో నాకు తెలుసు. ఆయనకు కూడా పాటంటే ఇష్టం కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు లేచి నిలబడ్డారు.

"ఇంట్ల పంచాయితీ వద్దు. ఇద్దరూ మన బిడ్డలే. చీట్లు వేద్దాం. ఆయనకు ఎవరు కావాలో ఆయనే చూపిస్తడు. ఎవరి పేరు వచ్చినా ఇంకొకళ్ళు నొచ్చుకోవద్దు. సరేనా?"

"సరే అయ్యగారు" అన్నారు పెదనాన్నా, నాన్నా.

అయ్యగారు తన నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, సగానికి మడిచి రెండు ముక్కలు చేశారు. అలవాటు ప్రకారం నా చేతిలో పెట్టారు. "ఇద్దరి పేర్లు రాయి బిడ్డా, గుండ్రంగ" అన్నారు. తర్వాత అందరినీ మోకాళ్ళ మీద ఉండమన్నారు. ప్రార్థన మొదలైంది. అందరి కళ్ళూ మూసుకున్నాయి. ప్రార్థన చేసి వేసిన చీటీలో మోసం ఉంటుందని మా వాళ్ళెవరికీ కలలో కూడా తోచదు. పదేళ్ళ పిల్ల చేతికి కాగితాలిచ్చి ఊరంతా కళ్ళు మూసుకోవడం మా దగ్గరే జరుగుతుంది.

మొదటి ముక్క మీద నా పేరు రాశాను. రెండో ముక్క తీసుకుని అక్క వైపు చూశాను. ఆమె మోకరించి ఉంది. జడ వెనక చాప మీద పడి ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది, ఏదీ అడగని ముఖం. అది చూసి ఓర్చుకోలేకపోయాను. ఆమె ఏడుస్తూ నాకే కావాలని దేవుణ్ణి బతిమాలుతూ ఉంటే ఆమె పేరు రాసేదాన్నేమో. రెండో ముక్క మీద కూడా నా పేరే రాశాను. గుండ్రంగానే రాశాను. రెండూ ఒకేలా నాలుగు మడతలు పెట్టాను.

కానుకలు పట్టే మఖ్మలు సంచిలో చీటీలు వేశారు. అయ్యగారి మూడేళ్ళ కూతురు సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీసి, నోట్లో పెట్టుకోబోతే అమ్మగారు లాక్కుంది. అందరూ నవ్వారు. అయ్యగారు విప్పి నా పేరు చదివారు. మా అమ్మ ఏడ్చింది. చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం సంచిలో మిగిలిన రెండో చీటీ తప్ప ఇంకేమీ కనిపించలేదు. పెదనాన్న ఆ సంచి వైపే చూస్తున్నాడు.

"అది ఇప్పొద్దు. ఇప్పి సూస్తే ఆయన్ను పరీక్ష పెట్టినట్టయితది" అంది నాయనమ్మ.

అయ్యగారు తలూపి, ఆ చీటీ తీసి, విప్పకుండానే అమ్మగారికిచ్చారు. ఆమె దాన్ని టీ కాగుతున్న పొయ్యిలో పడేసింది. చిన్న మంట లేచి ఆరిపోయింది. అప్పుడు అక్క వచ్చి నా మెడ చుట్టూ చెయ్యి వేసి, "దేవుని చిత్తం చెల్లె. మంచిగ సదువుకో" అంది. నవ్వుతూనే అంది.

మిర్యాలగూడ బస్సెక్కిన రోజు ఆమె నాకు తొక్కు సీసా కట్టిచ్చింది. మూతకు గుడ్డ చుట్టి, ఆ గుడ్డను తన జడ రిబ్బనుతో కట్టింది. హాస్టల్లో ఆ తొక్కు నేను ముట్టలేదు. తోటి పిల్లలకు పంచేశాను. వాళ్ళు వేళ్ళు నాకుతూ, "మీ అక్క చేసిందా? ఎంత బాగుంది!" అంటుంటే అక్కడ కూడా ఆమే గెలిచిందని ముఖం మాడ్చుకున్నాను.

హాస్టల్లో రెండు పూటలా ప్రార్థన ఉండేది. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరం కలిసి చెప్పాలి. అందులో దేవుని చిత్తం జరగాలని అడిగే మాట ఒకటి ఉంటుంది. ఆ మాట దగ్గరికి రాగానే నా గొంతు ఆగిపోయేది. పెదవులు కదిలించి, తర్వాతి మాట దగ్గర మళ్ళీ కలిసేదాన్ని. రెండు వందల మంది మధ్యలో ఎవరికి తెలుస్తుంది? అక్కడ మొదలైన అలవాటు యాభై ఏళ్ళు నడిచింది. పెళ్ళిలో, పిల్లల బాప్తిస్మాల్లో, నా భర్త సమాధి దగ్గర కూడా ఆ ఒక్క మాట మింగేశాను.

ఎందుకంటే నా బాధ తప్పు చేశానన్నది ఒక్కటే కాదు. ఆ పసిపిల్ల చేతికి దొరికింది ఏ చీటీ? నిజంగా నా పేరు రాయాల్సిన చీటీయా, అక్క పేరు రాయాల్సిన చీటీయా? ఒకవేళ దేవుడు నన్నే కోరుకున్నాడేమో. ఆ మాట నాకు ఈ జన్మలో తెలిసే దారి లేదు. ఆయన చేసిందీ నేను చేసిందీ కలిపేశాను, నాయనమ్మ వద్దన్న పనే. అక్కకు ఆ గొడవ లేదు. దేవుడు తనను వద్దన్నాడని ఆమె నమ్మకం. వద్దనైనా సరే ఆయన తనతో ఒక మాట అన్నాడనే ఆమె లెక్క. నాతో ఏమన్నాడో నాకు వినపడకుండా నేనే చేసుకున్నాను.

సెలవులకు ఇంటికి వెళితే ఆమె ఎండకు నల్లబడి, నాటు వేసిన చేతులతో, అదే గొంతుతో పాడుతూ కనిపించేది. పెద్దమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడితే నాలుగేళ్ళు అక్కే చాకిరీ చేసింది. కోదాడ సంబంధం వచ్చింది. మిరప చేలల్లో, తర్వాత మిల్లులో కూలికి పోయింది. ఒక కొడుకు చేతికందాక పోయాడు. ఆ రోజు నేను పరుగున వెళితే, నన్ను పట్టుకుని ఆమే ఓదార్చింది. నాకు ఉద్యోగం, పెన్షను, సూర్యాపేటలో ఇల్లు, పిల్లల చదువులు. ఇన్ని పెట్టుకుని, మిరపకాయల ఘాటు పట్టిన చీర కట్టుకున్న మనిషిని చూసి కుళ్ళుకున్నాను. చెబితే ఎవరైనా నమ్ముతారా?

కార్యదర్శి వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను. పశ్చాత్తాపంతో వెళుతున్నానని అనుకున్నాను. మునగాల దాటేసరికి అందులో సగమే నిజమని తెలిసిపోయింది. మిగతా సగం, ఆ నిబ్బరం ఒక్కసారైనా చెదిరితే చూడాలన్న పాత కడుపు మంట. బస్సు దిగి వెనక్కి తిరిగి ఉంటే బాగుండేది. దిగలేదు.

అక్క వాకిట్లో గోనె పట్టా మీద కూర్చుని ఎండు మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నాకు తుమ్ములే తుమ్ములు.

"ఏంటే చెల్లె, చెప్పా పెట్టకుండ ఊడిపడ్డవు?" అంది. ఇన్నేళ్ళ కోదాడ కాపురంలో ఆమెకు 'ఏందే' పోయి 'ఏంటే' వచ్చింది.

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. నాలుగు కాయల తొడిమెలు తీశాను. తర్వాత చెప్పేశాను.

"అక్కా, హాస్టల్ కోసం చీట్లు వేసిండ్రు చూడు... ఆ రెండిటి మీద నా పేరే రాసిన."

ఆమె చెయ్యి ఆగింది.

"రెండిటి మీదనా?"

"రెండిటి మీద."

ఆమె మళ్ళీ తొడిమెలు తీయడం మొదలుపెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"నాకు సదువుకోవాలని ఎంతుండెనో నీకెరికేనా?"

"నీకు బాధ లేదనుకున్న. నవ్వుకుంట సాగనంపితివి గదా."

"నవ్వక ఏం జేస్త? దేవుడు వద్దన్నడనుకుంటి. మూడేండ్లు ఏడ్చిన చెల్లె. కలుపు తీసుకుంట, తల వంచుకుని, ఎవరికీ కనపడకుంట. ఆయనతోని కొట్లాడిన. నేనెందుకు నచ్చకపోతి నీకు అని అడిగిన. గుళ్ళె పాడిన పాటలన్నీ ఆయన మీద కోపంతోనే పాడిన. మా అమ్మ మంచాన పడ్డంక, ఒకనాడు ఆమెకు తానం పోసుకుంట, సరే, నీ చిత్తమే కానియ్యి అన్న. గంతే. ఆనాటి నుంచి మల్ల ఎనక్కి సూడలే. ఆఖరికి పిల్లగాడు పోయినప్పుడు కూడ, ఒకసారి ఒప్పుకున్నదాన్ని గదా అని నిలబడ్డ."

ఆమె చేతిలోని కాయను పక్కన పెట్టింది. అప్పుడు నా కళ్ళలోకి చూసింది.

"ఇప్పుడు నువ్వొచ్చి, అది దేవుడు కాదు, నేను అంటివి. ఇగ మల్ల మొదటి నుంచి ఒప్పుకోవాలె నేను. ఈ వయసుల."

నేను ఏడ్చాను. నన్ను క్షమించమని ఆమె కాళ్ళు పట్టుకోబోతే కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"అది తర్వాత సంగతి. లే, అన్నం తిందువు."

పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు పెట్టింది. తినేముందు ప్రార్థన చేయడం ఆమె అలవాటు. నేను కళ్ళు మూసుకుని ఆగాను. మాట వినపడలేదు. చిన్నప్పటి అలవాటుకొద్దీ కళ్ళు తెరిచి చూశాను. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. అన్నం వంక చూస్తూ కూర్చుంది. నేను కోరుకున్నది అదే కదా, కళ్ళారా చూశాను.

బస్టాండు దాకా తన మనవడి ఆటోలో పంపించింది. తను రాలేదు. ఆ తర్వాత నేను మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

కొత్త సంవత్సరం రోజు పొద్దున చర్చికి వెళ్ళాను. కార్డులు ఎవరో ఇంటర్ చదివే పిల్ల రాసింది. వంకర అక్షరాలు, అక్కడక్కడా కొట్టివేతలు. పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని ఒకటి తీసుకున్నాను. తిప్పి చదవకుండానే కళ్ళజోడు డబ్బాలో పెట్టుకున్నాను. తర్వాత ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలైంది. నేను మింగే మాట దగ్గరపడుతోంది. అక్క గుర్తొచ్చింది. కోదాడలో ఏదో చర్చిలో ఈ వేళకు ఆమె కూడా చాప మీద కూర్చుని ఉంటుంది. ఈ మాట దగ్గర ఈరోజు ఆమె గొంతు కూడా ఆగుతుందేమో. ఆమె నన్ను క్షమిస్తుందో లేదో, ఫోన్ ఎత్తుతుందో లేదో, అది నా చేతిలో లేదు. ఈసారి చీటీలు నేను రాయలేదు.

ఆ మాట పైకి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్కనున్న పిల్ల తల తిప్పి చూసింది.

అయినా నిజం చెప్పాలి. ఇంటికి నడిచి వస్తుంటే మళ్ళీ అసూయే కలిగింది. అక్క ఏడుస్తుంది, కొట్లాడుతుంది, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఒప్పుకుంటుంది. ఒకసారి దాటిన దారి ఆమెకు తెలుసు. నాకే, అరవై దాటాక, ఇది మొదటిసారి.